వేవిళ్ళని ఓర్చుకోవాల్సిందేనా? పాఠకుల ప్రశ్నలు, డాక్టరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూస్తే చాలావరకు వేవిళ్ళ గురించే ఉన్నాయి, పైగా ఎండలు ముదిరిపోయాయి, మన విజయవాడ గుంటూరుల్లో ఈ ఎండకి మామూలు మనిషికే నోరు పిడచగట్టుకుపోతుంది, వాంతులయ్యే కడుపుతో ఉన్న మనిషి సంగతి ఇక చెప్పక్కర్లేదు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పెట్టి ఈ నెల ఇవే తీసుకుంటున్నా. పేర్లు ఎవరివీ వెయ్యట్లేదు, ఊరూ పేటా మాత్రమే.

ప్రశ్న: డాక్టరుగారూ నమస్తే. నాకిప్పుడు ఎనిమిదో వారం, మొదటి కాన్పు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా కడుపులో తిప్పుతూనే ఉంటుంది, రోజుకి నాలుగైదుసార్లు వాంతి, పోపు వాసన తగిలిందంటే ఇంక ఆగదు. మాది ఉమ్మడి కుటుంబం, మావయ్యగారిది మిర్చి వ్యాపారం, యార్డు నుంచి ఇంటికొస్తే ఆయన బట్టలకి కూడా అదే ఘాటు. అత్తయ్య మంచావిడే కానీ మేమూ ముగ్గుర్ని కన్నాం, ఎవరం మందులేసుకోలేదు, మూడు నెలలు ఓర్చుకుంటే అదే పోతుంది అంటారు. మేం చూపించుకునే డాక్టరుగారు రాత్రిపూట వేసుకోమని ఒక మాత్ర రాసిచ్చారు, మావారు నెట్లో ఏదో చదివి బిడ్డకి అవకరం వస్తుందేమోనని భయపడి వద్దన్నారు, ఆ స్ట్రిప్పు అలాగే బీరువాలో ఉంది. ఏం తిన్నా నిలవట్లేదు, బిడ్డకి బలం ఎలా వస్తుందా అని ఏడుపొచ్చేస్తోంది. ఏం చెయ్యమంటారు?
- ఒక సోదరి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు బీరువాలోంచి ఆ స్ట్రిప్పు బయటికి తీసి వెనకాల చిన్నక్షరాల్లో ఏముందో చదవండి. డాక్సిలమిన్, పైరిడాక్సిన్ అని రెండు పేర్లు ఉంటే మీ డాక్టరుగారు ఇచ్చింది వేవిళ్ళకి అన్నిటికంటే ముందు ఇచ్చే మందు, పైరిడాక్సిన్ అంటే బి6 విటమినే, డాక్సిలమిన్ జలుబు అలర్జీలకి వాడే జాతి మందు. గర్భిణుల మీద దీన్ని పరిశీలించినంతగా చాలా తక్కువ మందుల్ని పరిశీలించారు, లక్షల మంది తల్లులు వాడారు, పిల్లల్లో అవకరాలు పెరిగినట్టు కనపడలేదు. రాత్రి పడుకునే ముందు వేసుకోమనేది ఎందుకంటే అది మెల్లగా కరిగి పొద్దుటికి పనిచేస్తుంది, కాస్త నిద్రమత్తు ఉంటుంది కాబట్టి మర్నాడు స్కూటీ నడపడం గట్రా మొదటి రెండు మూడు రోజులు ఆపండి. వాంతి అయ్యాక అప్పటికప్పుడు వేసుకునే మందు కాదిది, రోజూ పద్ధతిగా వాడితేనే గుణం తెలుస్తుంది, ఎన్ని వేసుకోవాలన్నది మీ డాక్టరుగారు రాసిన ప్రకారమే.

మీవారి భయం ఊరికే వచ్చిందని నేననను, దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. 1957లో జర్మనీలో థాలిడమైడ్ అనే మందు అమ్మకానికొచ్చింది, నిద్రకీ వేవిళ్ళకీ మంచిదని చాలా దేశాల్లో ఇచ్చారు, దాంతో కాళ్ళూ చేతులూ సరిగ్గా ఏర్పడకుండా పదివేల మందికి పైగా పిల్లలు పుట్టారు, 1961 చివర్లో గానీ అక్కడ మార్కెట్ నుంచి తియ్యలేదు. ఆ దెబ్బతో ప్రపంచమంతా కడుపుతో ఉన్నవాళ్ళకి ఏ మందు ఇవ్వాలన్నా భయపడటం మొదలైంది, ఆ భయంలోనే మన మాత్ర కూడా ఇరుక్కుంది. అమెరికాలో 1956 నుంచి బెండెక్టిన్ పేరుతో అమ్మేవాళ్ళు, కోర్టు కేసులు ఎక్కువైపోయి 1983లో కంపెనీయే ఆపేసింది, మందులో తప్పు తేలి కాదు. ఆపేశాక ఏమైందయ్యా అంటే అవకరాలతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గలేదు, వాంతులతో ఆసుపత్రిలో చేరే తల్లుల సంఖ్య మాత్రం పెరిగింది. చివరికి 2013లో మందులకి అనుమతులిచ్చే అక్కడి సంస్థ ఎఫ్‌డీఏ అదే కలయికకి మళ్ళీ అనుమతి ఇచ్చింది. మీవారు నెట్లో చదివింది థాలిడమైడ్ గురించే అయ్యుంటుంది, అది వేరు ఇది వేరు, ఈ పేజీ ఆయనకే ఇచ్చి చదవమనండి.

ఇక అత్తయ్యగారి మాట. ఆవిడ అన్నదాంట్లో నిజం లేకపోలేదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కేస్తే అయిదారు వారాలకి మొదలై, తొమ్మిది పది వారాలప్పుడు బాగా ముదిరి, 14 నుంచి 16 వారాలకల్లా చాలామందికి తగ్గిపోతుంది, కొద్దిమందికే 20 వారాలు దాటినా ఉంటుంది. మీకు ఎనిమిదో వారం కాబట్టి ఇంకో రెండు వారాలు ఇంతకంటే ఎక్కువే ఉండొచ్చని మనసులో పెట్టుకోండి. కానీ అదే పోయేది కదాని ఓర్చుకోమనడం నాకు నచ్చదు, ఇది గట్టిగానే చెప్తున్నా. పురుటినొప్పులు కూడా అవే పోతాయి, అలాగని పక్కన ఎవరూ ఉండక్కర్లేదని అనం కదా. వాంతులు చిన్నగా ఉన్నప్పుడే మందు మొదలుపెడితే ముదరకుండా ఆపొచ్చు, ముదిరాక సెలైన్లూ అడ్మిషన్లూ అంటూ తిరగాలి.

ఇంకో మాట కూడా ఇళ్ళల్లో వినపడుతుంది, గారాబం ఎక్కువై, పుట్టింటికి వెళ్ళాలని నాటకం, ఇదంతా మనసులో ఉంది అని. ఇది మనసులో లేదు. మాయలోంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి ఎక్కువగా వస్తుంది, అది మెదడు కింది భాగంలో వాంతిని నడిపించేచోట పనిచేస్తుంది, గర్భానికి ముందు ఎవరి ఒంట్లో ఆ హార్మోను తక్కువగా ఉంటుందో వాళ్ళకి ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోలేక వాంతులు విపరీతంగా అవుతాయని 2023 డిసెంబర్లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ పరిశోధన చేసినవాళ్ళలో ముఖ్యమైన ఆవిడ మార్లీనా ఫెజో, ఆవిడ తనే 1999లో ఈ వాంతులతో మంచం పట్టి బిడ్డని పోగొట్టుకున్నారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేశారు. అందుకని మీ ఇంట్లో ఎవరైనా నాటకం అంటే మీరేమీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

బిడ్డకి బలం గురించి ఏడవకండి. ఎనిమిదో వారంలో బిడ్డ ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది, దానికి కావాల్సింది చాలా కొంచెం, మీ ఒంట్లో ఉన్న నిల్వల్లోంచే తీసుకుంటుంది. ఈ మూడు నెలలూ పాలు, గుడ్లు, ఆకుకూరలు, పళ్ళు అన్నీ సమంగా తినాలనే పట్టుదల వదిలెయ్యండి, ఏది నిలుస్తుందో అదే తినండి, అది రెండు వారాలపాటు ఒట్టి పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ బద్ద అయినా సరే. ఫోలిక్ యాసిడ్ మాత్రం మానొద్దు, రోజుకి 400 మైక్రోగ్రాములది చిన్న మాత్రే, పొద్దున పడకపోతే రాత్రి వేసుకోండి.

తినే పద్ధతి ఎలాగంటే, ఖాళీ కడుపు వికారాన్ని పెంచుతుంది కాబట్టి కడుపుని ఖాళీగా వదలకూడదు, నిండా పెట్టకూడదు. మంచం పక్కనే చిన్న డబ్బాలో మరమరాలో, రస్కులో, ఉప్పు బిస్కట్లో పెట్టుకుని కళ్ళు తెరవగానే పడుకునే నాలుగు నమిలి, ఓ పావుగంట ఆగి అప్పుడు మెల్లగా లేవండి, గబుక్కున లేస్తే తిరుగుతుంది. తర్వాత గంటన్నరకో రెండు గంటలకో ఏదో ఒకటి కొంచెం, ఒక ఇడ్లీ, సగం అరటిపండు, గుప్పెడు వేయించిన శనగలు, వేయించిన శనగల్లాంటి మాంసకృత్తులున్నవి చాలామందికి బిస్కట్లకంటే బాగా నిలబెడతాయి. అన్నంతోపాటు గ్లాసుడు నీళ్ళు తాగెయ్యకండి, తిండికీ నీళ్ళకీ మధ్య అరగంట ఎడం ఉంచండి, నీళ్ళు ఒకేసారి గటగటా కాకుండా పది నిమిషాలకోసారి రెండు గుక్కలు. ఒట్టి నీళ్ళే వికారం పుట్టిస్తున్నాయంటారు చాలామంది, అలాంటప్పుడు ఉప్పేసిన పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఉప్పూ పంచదారా వేసిన నిమ్మరసం, గంజి తేట, కడుపు పట్టలేకపోతే ఐస్ ముక్క చప్పరించినా నీళ్ళు లోపలికి వెళ్ళినట్టే. అల్లం నిజంగానే పనిచేస్తుంది, రోజు మొత్తం మీద ఒక చెంచాడు పచ్చి అల్లం తురుము లేదా ఒక గ్రాము శొంఠిపొడి దాటకుండా, నిమ్మరసంలోనో మజ్జిగలోనో వేసుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా వద్దు.

వాసన సంగతి ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉంది. వేడివేడి కూర కంటే చల్లారింది తక్కువ వాసనొస్తుంది, కాబట్టి మీ వంతు చల్లారాక తినండి, అలాగని ఈ ఎండల్లో పొద్దుటి కూర సాయంత్రానికి దాచుకోకండి. పోపు పెట్టేటప్పుడు మీరు వంటింట్లో ఉండక్కర్లేదు, డాబా మీదకో వీధి అరుగు మీదకో వెళ్ళి కూర్చోండి. మావయ్యగారు యార్డు నుంచి రాగానే పెరట్లో స్నానం చేసి బట్టలు బయటే దండెం మీద వేస్తే చాలు, మూడు నెలల కోసం ఆ మాత్రం ఆయన చెయ్యకపోరు, కాకపోతే ఈ మాట కోడలు నోరు తెరిచి చెప్పడం కష్టం, అబ్బాయే వాళ్ళ నాన్నతో చెప్పాలి. కొత్తకారం పట్టించడం, ఊరగాయ కలపడం ఈ రెండూ మీ అత్తయ్యగారు ఈ ఏడాదికి ఇంకెవరి ఇంట్లోనైనా పెట్టుకోగలిగితే ఆవిడకి నా తరఫున దణ్ణం. చేతిరుమాల్లో నిమ్మకాయ చెక్క పెట్టుకుని వాసన చూస్తుంటే చాలామందికి హాయిగా ఉంటుంది, మీకు పడుతుందేమో చూడండి.

ఒకటి మర్చిపోయేట్టున్నా, వాంతి అయిన వెంటనే బ్రష్ చెయ్యకండి, కడుపులోని ఆమ్లం తగిలి పళ్ళ పైపొర మెత్తబడి ఉంటుంది, అప్పుడు రుద్దితే అరిగిపోతుంది. గ్లాసు నీళ్ళల్లో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట తర్వాత తోముకోండి.

ప్రశ్న: మేడమ్, మా ఆవిడకి పదో వారం. గర్భానికి ముందు 52 కేజీలుండేది ఇప్పుడు 48. నిన్నట్నుంచి మంచినీళ్ళు కూడా నిలవట్లేదు, ఇవాళ పొద్దున్నుంచి ఒంటేలుకి కూడా వెళ్ళలేదు, లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతోంది. మా వీధిలో ఆర్ఎంపీగారు రెండుసార్లు గ్లూకోజు సెలైన్ ఎక్కించారు, ఆ పూట బానే ఉంటుంది మళ్ళీ అంతే. మా అమ్మ వేవిళ్ళే అంటోంది, ఆసుపత్రికి తీసుకెళ్ళాలా, ఇంకొన్నాళ్ళు చూడాలా?
- ఒక భర్త, కృష్ణలంక, విజయవాడ

జవాబు: బాబూ, మీ మెసేజీ చూసిన పూటే మా వాళ్ళు మీకు ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రిలో చేర్పించమని చెప్పారు, ఇప్పుడు రాస్తున్నది ఇదే పరిస్థితిలో ఉండి మాకు రాయనివాళ్ళ కోసం.

ఇవి మామూలు వేవిళ్ళు కావు. నూటికి మహా అయితే ముగ్గురికి వచ్చే తీవ్రమైన వాంతుల జబ్బు, హైపరెమెసిస్ అంటాం. లెక్క చాలా తేలిక, గర్భానికి ముందున్న బరువులో నూటికి అయిదు వంతులు తగ్గితే అది ఆసుపత్రి కేసు, 52 కేజీల మనిషికి రెండున్నర కేజీలు తగ్గితేనే ప్రమాదం గీత దాటినట్టు, ఈ అమ్మాయి నాలుగు తగ్గింది. బరువు చూసే మిషను ఇంట్లో లేకపోతే మూత్రం చూడండి, ఎనిమిది గంటలపాటు రాకపోయినా, వచ్చింది కొంచెమే ముదురు పసుపురంగులో ఉన్నా, రోజు మొత్తం మీద తాగిన నీళ్ళు ఏవీ నిలవకపోయినా, లేస్తే కళ్ళు బైర్లు కమ్మినా, వాంతిలో రక్తం చార కనపడినా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంట్లో కూర్చుని చూడాల్సిన పని లేదు. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రయినా సరే. ఖర్చుకి వెనకాడేవాళ్ళు విజయవాడ పాత ప్రభుత్వాసుపత్రికో గుంటూరు జీజీహెచ్‌కో తీసుకెళ్ళండి, కాన్పుల విభాగం ఉంటుంది.

వీధిలో ఎక్కించే గ్లూకోజు గురించి కాస్త గట్టిగా చెప్పాలి. వారాల తరబడి వాంతులైన మనిషి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అయిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా ముందు గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, చూపు రెండుగా కనపడటం, అడుగు తడబడటం, మాట పొంతన లేకపోవడం ఇలా మొదలవుతుంది, అరుదే కానీ వచ్చిందంటే మళ్ళీ మామూలు మనిషి కావడం కష్టం. ఆసుపత్రిలో అయితే ముందు బి1 ఇంజెక్షన్ ఇచ్చి, ఉప్పు సెలైన్ పెట్టి, రక్తంలో పొటాషియం, మూత్రంలో కీటోన్లు చూసి, దాన్నిబట్టి మిగతావి నడుపుతారు. సెలైన్ అంటే అన్నీ ఒకటే బాటిలు కాదు.

స్కాన్ కూడా తప్పకుండా చేయించాలి. కవలలుంటే వాంతులు ఎక్కువుంటాయి, ముత్యాల గర్భం, అంటే బిడ్డకి బదులు మాయ నీటిబుడగల గుత్తిలా పెరగడం, ఉన్నా ఇలాగే ఉంటుంది, అదైతే ఆలస్యం చెయ్యకూడదు. థైరాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా చూస్తారు. ఇంకోటి, మెడికల్ షాపులో వాంతుల బిళ్ళ అని అడిగితే ఓన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చేస్తున్నారు, మంచి మందే, ఆసుపత్రిలో మేమూ వాడతాం, కానీ మొదటి మూడు నెలల్లో వాడితే పదివేల మందిలో ముగ్గురు పిల్లలకి అదనంగా గ్రహణం మొర్రి వచ్చే అవకాశం ఉందని లెక్క తేలింది, చాలా చిన్న రిస్కే, వాంతులు ముదిరినప్పుడు తల్లి ప్రాణం ముందు అది పెద్దది కాదు, అయినా ఆ నిర్ణయం డాక్టరు తీసుకోవాలి, షాపు కుర్రాడు కాదు.

మీ అమ్మగారిని తప్పుపట్టట్లేదు బాబూ, ఆవిడ చూసినవన్నీ మామూలు వేవిళ్ళే అయ్యుంటాయి. డిశ్చార్జి అయ్యాక కూడా ఈ అమ్మాయికి మళ్ళీ రావొచ్చు, రెండోసారి చేర్చాల్సి వస్తే సిగ్గుపడకండి, విసుక్కోకండి. ఇలాంటివాళ్ళు చాలా దిగులుపడిపోతారు, ఈ గర్భమే వద్దనిపిస్తుంది ఒక్కోసారి, ఆ మాట నోటితో అంటే తిట్టకుండా డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: నాకు మూడో నెల. గుంటూరు నుంచి రోజూ బస్సులో వచ్చి బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో చేస్తాను. బస్సు మంగళగిరి దాటేలోపు ఒకసారి కక్కాల్సిందే, అందరూ చూస్తుంటే చచ్చిపోవాలనిపిస్తుంది. షాపులో పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడే ఉండాలి. ఓనరుగారికి చెప్తే ఉద్యోగంలోంచి తీసేస్తారేమోనని ఇంకా చెప్పలేదు. ఇంట్లో నా జీతం కావాలి.
- ఒక చెల్లెలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చెల్లీ, బస్సులో వాంతి వస్తే మొహం దించుకోవాల్సింది నువ్వు కాదు, నీ పరిస్థితి చూసి కూడా సీటివ్వని వాళ్ళు. వీలైతే నాన్‌స్టాప్ ఎక్కు, దారిలో ఆగి ఆగి వెళ్ళే బస్సులో వికారం ఇంకా ఎక్కువ, డ్రైవరు వెనక ముందు వరసల్లో కిటికీ పక్కన కూర్చుని దూరంగా రోడ్డు వైపు చూడు, ఫోను చూడకు. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, బయల్దేరే అరగంట ముందు రెండు ఇడ్లీ, ఏ చట్నీ లేకుండా. చిన్న అల్లం ముక్క ఉప్పులో అద్ది బుగ్గన పెట్టుకో, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు రెండు బ్యాగులో ఉంచుకో, ఉన్నాయన్న ధైర్యంతోనే కొందరికి వాంతి రాదు. డాక్టరుగారు మాత్ర రాస్తే నీలాంటివాళ్ళకి అది ఎంతో ఉపయోగం, బస్సు ప్రయాణం గురించి కూడా చెప్పి టైము అడుగు.

ఉద్యోగం గురించి. చెప్పకుండా దాచితే నీకే నష్టం. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే షాపుకి ప్రసూతి సెలవుల చట్టం వర్తిస్తుంది, ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే మొదటి రెండు కాన్పులకి 26 వారాల జీతంతో సెలవు నీ హక్కు, గర్భం వల్ల జబ్బు చేస్తే డాక్టరు సర్టిఫికెట్ మీద ఇంకో నెల దాకా అదనంగా ఉంటుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. నీ జీతం నెలకి 21,000 లోపయితే ఈఎస్ఐ కట్ అవుతోందేమో జీతం స్లిప్పులో చూసుకో, అవుతుంటే ఆ డబ్బులు ఈఎస్ఐ వాళ్ళే ఇస్తారు, వైద్యానికి విజయవాడలో గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యడం చట్టప్రకారం కుదరదు. ఓనరుగారితో మాట్లాడేటప్పుడు ఒక్కదానివే వెళ్ళకు, డాక్టరు చీటీ పట్టుకుని, సీనియర్ సేల్స్ అక్కని ఎవరినైనా తోడు తీసుకెళ్ళి ముందు ఒక స్టూలు అడుగు, గిరాకీ లేనప్పుడు కూర్చోనివ్వమని. పది నిమిషాలకోసారి నీళ్ళు తాగనివ్వమని కూడా అడుగు. బాత్రూముకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానెయ్యకు, షాపుల్లో చేసే అమ్మాయిలు చేసే పని ఇదే, దాంతో మూత్రంలో మంట, ఇన్ఫెక్షను, దానివల్ల మళ్ళీ వాంతులు.

ప్రశ్న: నాకు రెండో నెల, ఒక్క వాంతి కూడా లేదు. వేవిళ్ళు లేకపోతే బిడ్డ ఎదగదంటున్నారు, వాంతులు ఎక్కువైతే ఆడపిల్ల అని కూడా అంటున్నారు. నిజమా?
- సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కాదు. నూటికి ఇరవై ముప్ఫై మందికి వేవిళ్ళు అసలు రావు, వాళ్ళ పిల్లలు చక్కగానే పుడతారు. హాయిగా తినండి, ఏడెనిమిది వారాలప్పుడు స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం చూస్తారు, అదే సాక్ష్యం. బాగా ఉన్న వాంతులు ఉన్నట్టుండి ఒక్క రోజులో ఆగిపోయి రక్తం కనపడితేనే వెంటనే చూపించుకోవాలి. ఆడా మగా అన్నది వాంతుల్ని బట్టి చెప్పలేం, స్కాన్‌లో చెప్పమని అడగడం 1994 చట్టం ప్రకారం నేరం, ఆ ఆరా తీసేవాళ్ళకి ఇదే చెప్పండి.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయికి అయిదో నెల, పురిటికని ముందే మా దగ్గరికి తెచ్చుకున్నాం. వాంతులు తగ్గాయి కానీ ఐరన్ మాత్ర వేసుకుంటే మళ్ళీ వికారం అని మానేసింది. దాచుకుని బలపాలు, పచ్చిబియ్యం తింటోంది, మట్టివాసన వస్తే ప్రాణం లేచొస్తుందంటోంది. మేమూ మా రోజుల్లో తిన్నాం కాబట్టి ఏమీ అనలేదు. పర్వాలేదా?
- ఒక తల్లి, మంగళగిరి

జవాబు: అమ్మగారూ, ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. బలపాలు, మట్టి, ముగ్గుపిండి, పచ్చిబియ్యం మీదకి మనసు లాగడం చాలాసార్లు ఒంట్లో ఐరన్ తక్కువైందనడానికి గుర్తు, అదేదో కడుపుతో ఉన్నవాళ్ళ ముచ్చట అని మన ఇళ్ళల్లో వదిలేస్తాం. ముందు హిమోగ్లోబిన్ చూపించండి, కడుపుతో ఉన్న మనిషికి 11 కంటే తక్కువుంటే రక్తహీనతే. మట్టిలో నులిపురుగుల గుడ్లుంటాయి, బలపాల్లో సీసం లాంటివి ఉండొచ్చు, బియ్యం పొట్ట నింపేసి అసలు తిండి తిననివ్వదు. తిట్టకండి, తిడితే ఇంకా దాచుకుని తింటుంది, డబ్బా తీసేసి ఆ చోట వేయించిన పేలాలో అటుకులో బెల్లంతో పెట్టండి.

ఐరన్ మాత్ర ప్రభుత్వం వాళ్ళిచ్చేది 60 మిల్లీగ్రాములు, నాలుగో నెల నుంచి 180 రోజులు వాడాలి, మొదటి మూడు నెలల్లో వేవిళ్ళు ఎక్కువవుతాయనే మొదలుపెట్టరు. పొద్దున పరగడుపున వేసుకుంటే బాగా వంటబడుతుంది కానీ వికారమూ అప్పుడే ఎక్కువ. మీ అమ్మాయిలాంటివాళ్ళు రాత్రి అన్నం తిన్నాక గంటకి నిమ్మరసంతో వేసుకుని పడుకుంటే నిద్రలో వికారం తెలీదు. టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ళ వీటికి కనీసం రెండు గంటలు దూరంగా ఉంచండి, అవి ఐరన్‌ని వంటబట్టనివ్వవు. విరేచనం నల్లగా వస్తుంది, దానికి కంగారుపడొద్దు. ఇంత చేసినా పడకపోతే మాత్ర మానెయ్యడం కాదు, రకం మార్చమని అడగండి, అప్పటికీ కుదరకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఇస్తారు. నులిపురుగుల మాత్ర కూడా నాలుగో నెల దాటాక ఒకటి ఇస్తారు, ఇచ్చారో లేదో మీ ఏఎన్ఎమ్‌ని అడగండి. ప్రతినెలా 9వ తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది, 2016 నుంచి నడుస్తోంది, వచ్చే 9కి అమ్మాయిని తీసుకెళ్ళి రక్తం చూపించండి.

ప్రశ్న: మా వదినకి ఎనిమిదో నెల. మొదట్లో వేవిళ్ళు తగ్గి అంతా బావుంది, వారం నుంచి మళ్ళీ వికారం, వాంతి, డొక్క కింద నొప్పి, తలనొప్పి. గ్యాస్ అనుకుని సోడా, ఈనో ఇస్తున్నాం. ఆఖరి నెలల్లో వేవిళ్ళు మళ్ళీ వస్తాయా?
- ఒక ఆడపడుచు, భవానీపురం, విజయవాడ

జవాబు: రావమ్మా. పదో వారం దాటాక కొత్తగా మొదలైన వాంతులకి, మరీ ముఖ్యంగా ఆఖరి నెలల్లో మళ్ళీ మొదలైన వాంతులకి వేరే కారణం వెతకాలి. ఎనిమిదో నెలలో కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, తలనొప్పి, వాంతి కలిసి వస్తే మొదట అనుమానించాల్సింది బీపీని, గ్యాస్‌ని కాదు. 140/90 ఉన్నా, అంతకంటే ఎక్కువున్నా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా అది గుర్రపువాతానికి దారితీసే జబ్బు, ఫిట్స్ రావొచ్చు, తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణాపాయం. కళ్ళ ముందు మెరుపుల్లా కనపడుతున్నాయా, చూపు మసకబారిందా, మొహం చేతులు ఉబ్బాయా అని అడగండి, అలాంటివేవీ లేవన్నా సరే ఆగకండి. సోడా ఆపెయ్యండి, ఇది చదువుతున్న ఈ పూటే మీ వదినని కాన్పుల ఆసుపత్రికి తీసుకెళ్ళి బీపీ చూపించి, రక్తం, మూత్రం పరీక్ష చేయించండి, ఆదివారమని, డాక్టరుగారు లేరని రేపటికి పెట్టకండి, క్యాజువాలిటీలో కూడా బీపీ చూస్తారు.